జోర్డాన్‌ని వదులుకున్న జట్టు

అమెరికా బాస్కెట్‌బాల్ కాస్త ఎరిగినవాళ్ళెవరి దగ్గరైనా "పోర్ట్‌లాండ్, 1984" అని చూడండి, నవ్వేస్తారు. ఆ ఏడాది జూన్ 19న న్యూయార్క్‌లో జరిగిన ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక పోర్ట్‌లాండ్ ట్రయిల్ బ్లేజర్స్‌ది. వాళ్ళు కెంటకీ యూనివర్సిటీలో ఆడిన శామ్ బౌయీని తీసుకున్నారు. మూడో వంతు షికాగో బుల్స్‌ది. వాళ్ళు మైకేల్ జోర్డాన్‌ని తీసుకున్నారు. తర్వాత జోర్డాన్ షికాగోకి ఆరు టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. బౌయీ పోర్ట్‌లాండ్ తరఫున ఐదు సీజన్లలో ఆడింది మొత్తం 139 ఆటలు. ఒక్కో సీజనుకి 82 ఆటలుంటాయి, లెక్క మీరే వేసుకోండి.

నేనూ చాలాకాలం నవ్వినవాణ్ణే. ఇప్పుడు అంత తేలిగ్గా నవ్వు రావట్లేదు, దానికి కొంత కారణం నేను చేసే ఉద్యోగం. సర్వర్లు పడిపోయిన మర్నాడు మేము పోస్ట్‌మార్టం మీటింగు పెట్టుకుంటాం. అందులో ఒక నియమం ఉంది. "ఇలా జరుగుతుందని ముందే తెలీదా?" అని ఎవర్నీ అడక్కూడదు. "ఆ నిమిషంలో నీ స్క్రీను మీద ఏం కనబడుతోంది?" అని అడగాలి. మిగతాదంతా గతజల సేతుబంధనం. అదే ప్రశ్న 1984ని అడిగి చూద్దామనిపించింది.

డ్రాఫ్ట్ మన ఐపీఎల్ వేలంలాంటిది కాదు, ఇక్కడ పాట ఉండదు. కొత్తగా వచ్చే ఆటగాళ్ళని జట్లు వరసగా ఒక్కొక్కర్నీ ఎంచుకుంటాయి. బాగా ఓడిన జట్టుకి ముందు అవకాశం. నిజానికి పోర్ట్‌లాండ్ ఆ సీజన్లో 48 ఆటలు గెలిచిన జట్టు. కానీ 1981లో టామ్ ఓవెన్స్ అనే వయసు మళ్ళుతున్న ఆటగాణ్ణి ఇండియానాకిచ్చి, బదులుగా ఇండియానావాళ్ళ 1984 మొదటి ఎంపికని రాయించుకుంది. మూడేళ్ళు తిరిగేసరికి ఇండియానా తూర్పు విభాగంలో అట్టడుక్కి చేరింది. అప్పటి పద్ధతిలో తూర్పు, పడమర విభాగాల ఆఖరి జట్ల మధ్య బొమ్మా బొరుసూ వేసేవారు. హ్యూస్టన్ గెలిచి అకీమ్ ఒలాజువాన్‌ని తీసుకుంది. ఆ నాణెం రెండోవైపు పడి ఉంటే పోర్ట్‌లాండ్ కూడా అతన్నే తీసుకునేది, ఈ కథే ఉండేది కాదు.

సరే, స్క్రీను మీద ఏముంది? జోర్డాన్ ఆడే షూటింగ్ గార్డ్ స్థానంలో పోర్ట్‌లాండ్‌కి అప్పటికే జిమ్ పాక్సన్ ఉన్నాడు, ఆల్‌స్టార్. ముందటేడాది డ్రాఫ్ట్‌లో తెచ్చుకున్న క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. లేనిదల్లా బుట్ట దగ్గర నిలబడే పొడగరి సెంటర్. ఉన్న వేన్ కూపర్‌ని కూడా డ్రాఫ్ట్‌కి కొద్దిరోజుల ముందే ఒక మార్పిడిలో డెన్వర్‌కి ఇచ్చేశారు. బౌయీ ఏడడుగుల పైచిలుకు. పైగా మైకన్, రసెల్, ఛాంబర్లిన్, అబ్దుల్ జబ్బార్ల చరిత్ర చూసినవాళ్ళెవరైనా టైటిల్ కావాలంటే ముందు సెంటర్ కావాలనే అనేవారు. పోర్ట్‌లాండ్ గెలిచిన ఒకే ఒక్క టైటిల్, 1977లోది, బిల్ వాల్టన్ అనే సెంటర్ చలవే. అప్పటి కోచ్ జాక్ రామ్సేనే 1984లోనూ కోచ్. అంతెందుకు, జోర్డాన్‌ని తీసుకున్న షికాగో మేనేజరు రాడ్ థార్న్ కూడా, ఇతను ఏడడుగులుంటే బావుండేదని బయటికే అన్నాడు.

కాబట్టి జోర్డాన్ ఇంతవాడవుతాడని కనిపెట్టలేకపోయినందుకు వాళ్ళని నేను తప్పుపట్టను. కానీ అదే స్క్రీను మీద ఇంకోటి ఎర్రగా వెలుగుతోంది. బౌయీ ఎడమకాలి ఎముక. దానివల్ల కాలేజీలో వరసగా రెండు సీజన్లు, 1981 నుంచి 83 దాకా, అతను ఆడనేలేదు. ఈ హెచ్చరిక ఏ ఊరికి అర్థం కాకపోయినా పోర్ట్‌లాండ్‌కి అర్థం కావాలి. వాల్టన్ పాదం విరిగింది 1978లో. వైద్యం విషయంలో గొడవపడి 1979లో జట్టునే వదిలి వెళ్ళిపోయాడు. ఇంకా ఆరేళ్ళు గడవలేదు.

చూసుకోకుండా తీసుకోలేదు, నిజమే. బౌయీకి దాదాపు ఏడు గంటలపాటు పరీక్షలు చేశారు. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో బౌయీయే ఆ సంగతి చెప్పాడు. చిన్న సుత్తితో ఎముక మీద తట్టి, నొప్పిగా ఉందా అని అడిగారట. లేదన్నాడట. లోపల మాత్రం నొప్పే. ఇంట్లోవాళ్ళకి అవసరాలున్నప్పుడు నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారన్నాడు. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. నాకు నవ్వు ఆగిపోయింది ఇక్కడే. ఎవరి బతుకుతెరువు ఆ జవాబు మీద ఆధారపడి ఉందో, నొప్పి సంగతి చెప్పాల్సినవాడూ అతనొక్కడే. ఆ మాట నమ్మడం పరీక్ష చేసినవాళ్ళ తప్పు. పోయిన రెండు సీజన్లని లెక్కపెట్టడానికి సుత్తి అక్కర్లేదు కదా.

ఇందులో అదృష్టం పాలూ తక్కువేం కాదు. మొదటి సీజన్లో బౌయీ 76 ఆటలాడి, ఆ ఏటి మేటి కొత్త ఆటగాళ్ళ జట్టులో చోటు సంపాదించాడు. రెండో సీజన్లో కాలు మళ్ళీ విరిగి 38 ఆటలకే ఆగిపోయాడు. అదే సీజన్లో జోర్డాన్ పాదమూ విరిగింది, అతనాడింది 18 ఆటలే. ఆ చలికాలంలో ఎవరైనా కూర్చుని ఇద్దర్నీ బేరీజు వేసి ఉంటే ఏం రాసేవారో! జోర్డాన్ ఎముక అతుక్కుంది. బౌయీకి మళ్ళీ మళ్ళీ విరిగింది, ఒక సీజన్లో ఐదే ఆటలు, ఆ తర్వాతి సీజన్లో ఒక్కటీ లేదు.

1989లో పోర్ట్‌లాండ్ అతన్ని న్యూజెర్సీకిచ్చి బక్ విలియమ్స్‌ని తెచ్చుకుంది. విలియమ్స్, డ్రెక్స్‌లర్ కలిసి జట్టుని 1990లోనూ 1992లోనూ ఫైనల్స్‌కి తీసుకెళ్ళారు. రెండోసారి ఎదురుగా ఉన్నది జోర్డాన్. 4-2తో ఓడిపోయారు. బౌయీ మాత్రం న్యూజెర్సీలో నిలదొక్కుకుని, లాస్ ఏంజెలెస్‌లో 1995 దాకా ఆడాడు. మొత్తం 511 ఆటలు. విరిగిన కాళ్ళతో అది చిన్న లెక్కేం కాదు.

2007లో పోర్ట్‌లాండ్‌కి ఏకంగా మొదటి ఎంపికే దక్కింది. కెవిన్ డ్యురాంట్‌ని కాదని మళ్ళీ ఒక సెంటర్‌ని, గ్రెగ్ ఓడెన్‌ని తీసుకున్నారు. సీజన్ మొదలవకముందే మోకాలికి ఆపరేషన్. పోర్ట్‌లాండ్‌కి అతను మొత్తం ఆడింది 82 ఆటలు, సరిగ్గా ఒక సీజనంత. జనం వెంటనే పాత పేరు బయటికి తీశారు, ఇంకో బౌయీ అన్నారు. బౌయీ ఆట మానేసి అప్పటికి పన్నెండేళ్ళయింది.