పూటకూళ్ళ ఇంటి నుంచి ఫ్రాంచైజీ వరకు: ఆదోని, ఎమ్మిగనూరు భోజనశాలల లైసెన్సు – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

డబ్బు తీసుకొని అన్నం పెట్టే వృత్తి తెలుగువారికి కొత్తది కాదు. ‘క్రీడాభిరామం’ ఓరుగల్లులోని పూటకూటింటిని వర్ణించింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ముఖ్యపాత్ర. ఆనాడు తినేవారి నమ్మకానికి వండేవారి కులం, పేరు ఆధారాలు. నేడు ఆ స్థానంలో గోడకు వేలాడే లైసెన్సు ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలను దృష్టిలో ఉంచుకొని ఈ మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మద్రాసు చట్టాల కాలం

ఆదోని 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోనిది. 1865లో పురపాలక సంఘమైంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. అందువల్ల ఇక్కడి భోజనశాలల చట్టచరిత్రను కర్నూలు జిల్లా చరిత్రతో కాక, బళ్ళారి జిల్లా, మద్రాసు రాజధాని చరిత్రతో మొదలుపెట్టాలి. 1918 నాటి మద్రాసు కల్తీ నిరోధక చట్టం, 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక సంఘాల చట్టం ఆ దశకు చెందినవి.

ఆదోని పత్తి వ్యాపారకేంద్రం. ఎమ్మిగనూరు చేనేత కేంద్రం. మాచాని సోమప్ప కృషితో 1938లో అక్కడ నేతపనివారి సహకార సంఘం ఏర్పడింది. ఊరు విడిచి పనిమీద వచ్చినవారికి ఉగ్గాని, బజ్జీ అమ్మే చిన్న హోటలే ఆధారం. ఎమ్మిగనూరు 1965లో పురపాలక సంఘమైంది.

3. ఒకే రోజు అమలైన రెండు చట్టాలు

ఆహారకల్తీ నిరోధక చట్టం (1954), అస్పృశ్యతా నేరాల చట్టం (1955) రెండూ 1955 జూన్ 1న అమలులోకి వచ్చాయి. మొదటిది పళ్ళెంలోని పదార్థాన్ని, రెండవది పళ్ళెం ముందు కూర్చునే మనిషిని పట్టించుకొన్నాయి. రెండవ చట్టంలోని 4వ సెక్షన్ హోటల్లో ప్రవేశాన్నీ, అక్కడి పాత్రల వాడకాన్నీ అస్పృశ్యత పేరుతో అడ్డుకోవడం నేరమన్నది. ఆ కారణంతోనే సరుకు అమ్మడానికీ సేవ అందించడానికీ నిరాకరించి శిక్ష పొందిన వ్యాపారి లైసెన్సును రద్దుచేసే అధికారాన్ని 8వ సెక్షన్ న్యాయస్థానానికి ఇచ్చింది. తెలుగునాట రెండు గ్లాసుల పద్ధతి సాగిన హోటళ్ళను తలచుకొంటే ఈ సెక్షన్ ప్రాధాన్యం తెలుస్తుంది. 1976లో ఈ చట్టం పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకొంది.

4. ఫ్రాంచైజీ దశ

ఆహారభద్రత, ప్రమాణాల చట్టం (2006) కింద లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు 5న అమలులోకి వచ్చాయి. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి రిజిస్ట్రేషన్, ఆపైవారికి లైసెన్సు అని అవి విభజించాయి. 14 అంకెల సంఖ్య అందరికీ కనిపించాలి. ప్రతి వ్యాపారస్థలానికి వేరే లైసెన్సు కావాలి. కాబట్టి మహానగరంలోని సంస్థ పేరును ఒప్పందంతో తెచ్చుకొన్న స్థానిక యజమాని, ఆ సంస్థ లైసెన్సు తనకూ చాలుననుకోరాదు. ఒప్పందం పేరును వాడుకొనే హక్కును ఇస్తుంది. వంటగదికి బాధ్యత మాత్రం అతనిదే. పురపాలక అనుమతి, 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు దీనికి అదనం.

5. ముగింపు

‘ఎవరు వండారు?’ అన్న పాత ప్రశ్న కులాన్ని అడిగింది. లైసెన్సు ఆ ప్రశ్నను ‘ఎవరు బాధ్యులు?’గా మార్చింది. ఈ మార్పును శుచికి మాత్రమే పరిమితం చేస్తే 1955 జూన్ 1 చరిత్రలో సగమే మిగులుతుంది. ఫ్రాంచైజీ యజమాని పాటించవలసిన చట్టాల పట్టికలో ఆహారభద్రత చట్టం పక్కనే పౌరహక్కుల పరిరక్షణ చట్టం కూడా ఉండాలి. లైసెన్సు శుభ్రమైన అన్నానికి ఎంత హామీయో, సమానమైన పంక్తికీ అంతే హామీ కావాలి.