పాటలు కూర్చిన పోలీసు అధిపతి

పసిబిడ్డ అన్నము తినకున్నచో "అడుగో పోలీసువాడు" అని బెదరించుట మన యిండ్లలో చిరకాలముగా నున్న వాడుక. ఆ పోలీసువాడును జోలపాటలు విని పెరిగినవాడే యని బెదరించువారికి తోచదు. అమెరికాలోని షికాగో నగర పోలీసు శాఖలో 1873 మొదలు 1905 వఱకు కొలువు చేసి, దాని యధిపతిగా విశ్రాంతి గైకొనిన ఫ్రాన్సిస్ ఓనీల్ చరిత్రము చదివినపు డీ మాట మాకు జ్ఞప్తికి వచ్చినది.

ఓనీల్ 1848లో ఐర్లండు దేశమున కార్కు మండలములోని ట్రాలిబేన్ అను పల్లెలో జన్మించెను. బంగాళాదుంప పంట తెగులుచే నశించి, దేశమంతయు కఱవుతో నల్లాడుచున్న కాలమది. జనులు లక్షలకొలది చనిపోయిరి. మిగిలినవారిలో ననేకులు వలసపోయిరి. ఊరు పాడువడినచో దాని పాట యెవరి నోట నిలుచును? బాలుడు పిల్లనగ్రోవి వాయించుట నేర్చెను గాని స్వరములను కాగితముపై వ్రాయుట నేర్వలేదు. పదునాఱేండ్ల ప్రాయమున నిల్లు విడిచి ఓడ యెక్కెను.

పసిఫిక్ మహాసముద్రమున నొక దీవియొద్ద ఆ యోడ పగిలెను. నావికులను కాపాడిన చిన్న యోడలో తిండి చాలదు. అందలి హవాయి నావికుడొకడు ప్రతి సాయంకాలమును పిల్లనగ్రోవిపై ఒకే చిన్న పాట వాయించుచుండెను. ఓనీల్ దానిని పుచ్చుకొని తన పల్లె పాటలు వినిపించెను. ఆ నావికుడు పరమానందభరితుడై నాటినుండి తన పాలి దుంపపిండి ముద్దను, డబ్బా చేపను అతనితో పంచుకొనెను. 34 దినముల పిమ్మట హొనొలులు చేరునప్పటికి ముగ్గురు తప్ప తక్కినవారందఱు ఆస్పత్రి పాలైరి. ఆ ముగ్గురిలో నితడొకడు. విద్య కూడు పెట్టునా యని యడుగువారు మనలో పలువురు గలరు; వారికీ కథ వినిపింపదగును.

పోలీసు కొలువులో చేరిన తొలి దినములలోనే దొంగ కాల్చిన గుండు వెన్నులో దిగి, కడవఱ కచ్చటనే యుండెను. 1901లో నతడు నగర పోలీసు అధిపతి యయ్యెను. 1903 డిసెంబరులో ఇరాక్వై నాటకశాల యగ్నిప్రమాదమున ఆఱువందలకు మించిన జనులు మరణించినపు డా పదవిలో నున్నవా డితడే.

ఆ సంవత్సరమే 1,850 పాటల వరుసలతో నితని మహాగ్రంథము వెలువడినది. ఆ కూర్పు జరిగిన తీరు చిత్రమైనది. షికాగోలో వలస వచ్చిన ఐరిష్ కూలీలు, గృహిణులు, తన క్రింది జవానులు ఎవరు పాడినను, వాయించినను ఓనీల్ విని మనసున నిలుపుకొనును. అదే యింటిపేరు గల జేమ్స్ ఓనీల్ అను సార్జెంటు స్వరము లెఱిగినవాడు. అధిపతి వినిపింపగా సార్జెంటు వ్రాసి, మరల ఫిడేలుపై వాయించి సరిచూచును. గ్రంథ ముఖపత్రముపై ఇరువురి పేర్లును గలవు. ఒకే వరుస రెండు మూడు పేర్లతో పడినదని, మఱికొన్ని లోపము లున్నవని పండితులు తప్పుపట్టిరి. కావచ్చును. మన దంపుళ్ల పాటలు, మిల్లులు వచ్చిన పిమ్మట, అవ్వలతో నెన్ని మాయమైనవో లెక్కించు పండితుడు మాకింకను తారసపడలేదు.

1904లో రోజర్స్ అను కుమారుడు యౌవనముననే మరణించెను. అటుపై ఆ యింట వాద్యము మ్రోగలేదు. ఇల్లంతయు మూగవోయినను ఓనీల్ కలము ఆగలేదు. 1907లో 1,001 నాట్యగీతముల గ్రంథమును, 1913లో వాద్యకాండ్ర చరిత్రములను ప్రకటించెను. ఈ రెండవదే మాకు మిక్కిలి ప్రియమైనది. అంధులు, నిఱుపేదలునైన వాద్యకాండ్రను సైతము పేరు పేరున నందు వర్ణించి, పలువురి ఛాయాచిత్రములను చేర్చెను. ఇన్నాళ్లు నేరగాండ్ర వివరములు వ్రాయించిన యధికారి విశ్రాంతి దినములలో చేసిన పని యిది.

1931లో తన గ్రంథభాండాగారమును నోటర్ డామ్ విశ్వవిద్యాలయమున కిచ్చివేసి, 1936లో షికాగోలోనే కన్నుమూసెను. 1907 నాటి సంపుటిని ఐరిష్ వాద్యకాండ్రు పేరుతో పిలువరు. వారికది వట్టి "పుస్తకము".