వెండి పట్టీ గెలిచిన కొట్టంపిల్లి

1895 మే నెలలో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పిల్లుల పోటీ జరిగింది. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో మొదలైన పోటీల ఒరవడిలో జేమ్స్ హైడ్ అనే ఆంగ్లేయుడు దాన్ని ఏర్పాటు చేశాడు. అన్నిట్లోకీ మేటిగా నిలిచి వెండి మెడపట్టీ అందుకున్నది కోసీ. అది ఓడెక్కి వచ్చిన పర్షియన్ పిల్లి కాదు. అమెరికా ఈశాన్య మూలనున్న మెయిన్ రాష్ట్రంలో, రైతుల కొట్టాల్లో ఎలుకలు పట్టిన మెయిన్ కూన్ జాతిది. ఆ పట్టీని క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ వాళ్లు ఈనాటికీ పదిలంగా దాచారు.

మెయిన్ రైతులకు మాత్రం ఈ మెయిన్ కూన్ కొత్త కాదు. 1860లలోనే స్కౌహీగన్ వ్యవసాయ సంతలో ఎవరి పిల్లి మేటిదో తేల్చుకునేవారని చెబుతారు. ఫ్రాన్సెస్ సింప్సన్ 1903లో తెచ్చిన పిల్లుల పుస్తకంలో మెయిన్ పిల్లుల గురించి రాసిన శ్రీమతి పియర్స్, 1861లో తానూ తన సోదరుడూ కలిసి పెంచుకున్న నలుపు తెలుపు పిల్లిని తలుచుకుంది. దాని పేరు ‘కెప్టెన్ జెంక్స్ ఆఫ్ ది హార్స్ మెరీన్స్’! ఇంటి పిల్లికి అంత హోదా కట్టబెట్టిన ఆ మురిపెం ఏ వంశావళి పట్టికకూ అందదు.

ఫ్రాన్స్ రాణి మేరీ ఆంట్వానెట్ పంపిన పిల్లుల సంతతే ఇవని ఒక కథ ఉంది. పిల్లికీ రకూన్‌కీ పుట్టాయన్నది మరొకటి. అది జరగని పని. నావికుల వెంట వచ్చిన బొచ్చు పిల్లులు ఊరి పిల్లులతో జతకట్టి ఉండొచ్చు. ఆపై మంచు తన పని చేసింది. వేళ్ల మధ్య కుచ్చులు, చుట్టుకుని పడుకోవడానికి సరిపోయే గుబురు తోక, తడి త్వరగా అంటని బొచ్చు ఉన్నవే చలిని గట్టెక్కాయి.

తర్వాత పర్షియన్ పిల్లుల మీద మోజు పెరిగింది. 1950ల నాటికి మెయిన్ కూన్ అంతరించిందన్న మాట కూడా పుట్టింది. సెంట్రల్ మెయిన్ క్యాట్ క్లబ్ లాంటివి దాన్ని నిలబెట్టాయి. 1976లో క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్ పోటీ హోదా ఇచ్చింది, 1985లో రాష్ట్ర పిల్లి అయింది. కానీ ఆ ప్రాంతంలో మామూలుగా కనిపించే ఆరు వేళ్ల పాదాలను పోటీ నియమాలు చాలాకాలం దోషంగా లెక్కగట్టాయి. కొట్టంలో ఎవరికీ అడ్డురాని వేలు పోటీ బల్ల మీద తప్పయింది. అందం పేరిట చేసిన ఈ ఏరివేత అన్యాయమే.

ఈ పిల్లి ఎదగడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. మగది ఎనిమిది కిలోల దాకా తూగుతుంది. నెవాడాకు చెందిన స్టూయీ ముక్కు నుంచి తోక చివరిదాకా 123 సెంటీమీటర్లతో 2010లో గిన్నిస్‌కెక్కింది. ఇంత ఒడ్డూ పొడవూ ఉన్నదానికి మామూలు లిట్టర్ ట్రే చాలదు. పొట్ట మీదా, చంకల్లోనూ బొచ్చు చిక్కుపడుతుంది కాబట్టి వారానికి రెండుసార్లయినా దువ్వాలి. చిక్కును కత్తెరతో కోయబోతే పలచని చర్మం తెగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం గుండె: కండరం మందమయ్యే జబ్బుకు కారణమైన ఒక జన్యులోపాన్ని 2005లో ఈ జాతిలోనే కనుగొన్నారు. కూనను తెచ్చుకునేముందు తల్లిదండ్రుల పరీక్ష ఫలితాలు అడగాలి. ఆ లోపం లేదని తేలినా జబ్బు రావచ్చు గనుక పశువైద్యుడి చేత ఎకో తీయిస్తూ ఉండాలి.