లెక్కల అయ్యవారు - ఇంటి చదువు

బిడ్డకు లెక్కలు రావడం లేదని ఇంటికొక అయ్యవారిని కుదుర్చుకొనడం ఈ కాలంలో పుట్టిన పోకడ అని పలువురి అభిప్రాయం. బడిలో రావలసిన చదువును బయట వెలపెట్టి కొనవలసి వచ్చినదని పెద్దలు వాపోవడం కద్దు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని చరిత్ర పూర్తిగా ఆ పక్షాన సాక్ష్యం చెప్పదు. ఇంటివద్ద లెక్కలు చెప్పించుకొనే ఆచారం మన దేశంలో చాల పాతది. అయ్యవారిని ఏ పనికై పిలుస్తున్నారన్నది మాత్రం కాలంతోపాటు మారుతూ వచ్చినది. మారనిది ఒక్కటే: చదువు లెక్కలదాకా వచ్చేసరికి దాని వెల పెరుగుతుంది, పేదవాని బిడ్డ తరచుగా అక్కడనే ఆగిపోతాడు.

ఇంటి గురువును గూర్చిన కథలలో లోకప్రసిద్ధమైనది లీలావతి కథ. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో కొన్ని ప్రశ్నలు ఒక బాలికను సంబోధిస్తూ సాగుతాయి. ఆమె ఆచార్యుని కుమార్తె అనీ, పెండ్లి ముహూర్తం తప్పిపోయినందుకు దుఃఖిస్తున్న ఆమెను ఓదార్చడానికి తండ్రి ఆమె పేర గ్రంథం వ్రాసినాడనీ చెప్పే కథ, అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో చేసిన పారసీక అనువాదం ద్వారా ప్రచారంలోనికి వచ్చినది. మూలగ్రంథంలో ఆ కథ లేదు. అయినను గణితం అనగానే ఒక గురువు, ఎదుట కూర్చున్న ఒక్క శిష్యురాలు లోకానికి స్ఫురించడం గమనింపదగినది. తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని పద్యాలుగా తెనిగించినాడు. జైనమత సంబంధమైన ఉదాహరణలను తన శైవ సంప్రదాయానికి అనుగుణంగా మార్చుకొన్నాడు. శాస్త్రాన్ని పద్యంలో పెట్టడం కేవలం అలంకారం కాదు. తాటాకు ప్రతులు అరుదైన కాలంలో సూత్రం శిష్యుని నాలుకమీద నిలవవలెను. నిలిచినదా లేదా అని చూడడానికి ఎదుట గురువు ఉండవలెను.

సామాన్య జనం లెక్కలు నేర్చినది ఈ గ్రంథాలవల్ల కాదు, వీధిబడిలో. ఇసుకలో వ్రేలితో దిద్దడం, ఎక్కాలు వల్లెవేయడం, కాలు, అర, ముప్పాతిక, వీసం లెక్కలు నోటికి రావడం అక్కడి చదువు. రూపాయికి పదునారణాలు, ధాన్యానికి కుంచాలు, తూములు, బరువుకు వీశెలు, మణుగులు ఉన్న లోకంలో భిన్నాలు రానివాడు అంగడిలో మోసపోక తప్పదు. వడ్డీ కట్టడానికి, పంట పంచుకొనడానికి, కరణం వ్రాసిన లెక్క సరియైనదో కాదో తెలుసుకొనడానికి గణితం కావలసి ఉండేది. అయ్యవారికి జీతం నెలనెలా పిల్లల ఇండ్లనుండే ముట్టేది. దసరాకు పిల్లలు అలంకరించిన గిలకలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, పాటలు పాడి, ఆయనకు కానుకలు తెచ్చేవారు.

ఈ బడుల స్థితి మనకు అంకెలతో తెలియడానికి కారకుడు మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. 1822లో అతడు జిల్లా కలెక్టర్లనుండి వివరాలు కోరి, 1826 మార్చి 10వ తేదీన వాటి సారాంశాన్ని ఒక మినిట్‌గా వ్రాసినాడు. రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. మద్రాసు నగరపు లెక్కలో మాత్రం ఒక వింత కనబడినది. అక్కడ ఇండ్లవద్ద చదువుకొనే బాలురు ఇంచుమించు 27 వేలని, అనగా బడులలో చదివేవారికి సుమారు ఐదు రెట్లని నివేదిక వచ్చినది. ఆ సంఖ్యలో పొరపాటు ఉండవచ్చునని మన్రో సందేహించినాడు. కాని బంధువులచేతగాని ప్రత్యేకంగా కుదుర్చుకొన్న ఉపాధ్యాయులచేతగాని ఇంటివద్ద చదువు చెప్పించడం దేశంలో ఎక్కడా అరుదు కాదని ఒప్పుకొన్నాడు. ట్యూషను ఇంగ్లీషు చదువుతోనే వచ్చినదని భావించేవారికి ఈ మినిట్ సమాధానం చెబుతున్నది.

అంతకన్న విలువైన సాక్ష్యం బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక. నాటి బళ్ళారి జిల్లాలో తెలుగు, కన్నడ బడులు రెండూ ఉండేవి. మొత్తం 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. అనగా బడికి సుమారు పన్నెండుగురు. ముందున్న పిల్లలు వెనుకనున్న పిల్లలకు నేర్పుతూ తమ చదువును గట్టిపరచుకొనే పద్ధతిని అతడు మెచ్చుకొన్నాడు. రుసుమునుగూర్చి అతడు చెప్పిన వివరం ఈ చరిత్రకంతకూ కీలకం. బిడ్డ ఇసుకలో వ్రాసినంతకాలం తండ్రి నెలకు పావు రూపాయి ఇచ్చేవాడు; కాగితంమీద వ్రాయడానికో, లెక్కలలో పై మెట్టుకో వచ్చినప్పుడు అర రూపాయి ఇవ్వవలసి ఉండేది. దేశం క్రమంగా పేదదైపోవడంవల్ల మధ్యతరగతివారిలోను, బీదలలోను ఎక్కువమంది ఈ ఖర్చు భరింపలేకున్నారనీ, పసిపిల్లల లేతచేతులుకూడ పనికి అవసరమగుచున్నవనీ అతడు వ్రాసినాడు. ఓనమాలు పావు రూపాయికి దొరికినవి. లెక్కలు కావలెనంటే రెట్టింపు. రెండువందల సంవత్సరాల క్రిందటి ఈ రెండు అంకెలలో నేటి తలిదండ్రుల చింత అంతా ఇమిడి ఉన్నది.

ఆ బడిని స్వర్ణయుగంగా వర్ణించడం తగదు. బాలికలు అందులో బహుస్వల్పం. అస్పృశ్యులుగా చూడబడిన కులాల పిల్లలకు దాని గుమ్మం దాటే అవకాశం సాధారణంగా లేదు. కాని పన్నెండుగురు ఉన్న బడిలో ఎవరి మెట్టు వారిది. ఒకడు వీసం లెక్కలో చిక్కుకొంటే అయ్యవారో, పెద్ద పిల్లవాడో ప్రక్కన కూర్చుండి దాటించేవాడు. గణితానికి ఈ శ్రద్ధ మిగిలిన చదువులకన్న ఎక్కువ అవసరం. చరిత్రలో ఒక పాఠం పోయినా తరువాతి పాఠం అర్థమవుతుంది. భిన్నాలు రానివానికి నిష్పత్తి రాదు, నిష్పత్తి రానివానికి బీజగణితం రాదు. తెగిన మెట్టు ఏదో కనిపెట్టడానికి ఒక మనిషి కావలెను.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వెలసి, మెట్రిక్యులేషను పరీక్ష వచ్చిన పిదప ఈ ఏర్పాటు తలక్రిందులైనది. ఒక గదిలో పలువురు పిల్లలు ఒకే రోజున ఒకే పాఠం నేర్చుకొనవలెను. ఆగినవానికోసం తరగతి ఆగదు. సర్కారు కొలువుకు పరీక్ష ద్వారమైనందున, ఆగినవానిని నెట్టడానికి మరొక అయ్యవారు అవసరమైనాడు. బడిలోపల ఉన్న సేవ బడిబయటికి వచ్చి వేరు సరుకైనది. కోస్తా జిల్లాలలో దానికి 'ప్రైవేటు' అన్న పేరే స్థిరపడినది.

ఈ కొత్త అయ్యవారిని సాహిత్యం వెంటనే గుర్తించినది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో పునర్లిఖితమైన కన్యాశుల్కంలో గిరీశం అగ్రహారంలో ప్రవేశించినది వెంకటేశానికి చదువు చెప్పే నెపంతోనే. శిష్యుడు పరీక్ష తప్పినాడు. గురువు ఊరిలో అప్పులకు తట్టుకోలేక దారి వెదకుతున్నాడు. తండ్రికి ఆ చదువు మంచిచెడ్డలు తెలిసే ఉపాయం లేదు. కొనేవానికి సరుకు విలువ తెలియని బేరం ఇది. గురజాడ హాస్యం వెనుక ఉన్న సామాజిక సత్యం ఇదే. వంగదేశంలో రవీంద్రుడు 1907లో వ్రాసిన 'మాస్టర్ మశాయ్' కథ ఇదే బంధాన్ని రెండవ వైపునుండి చూపినది. ధనికుల ఇంట చదువు చెప్పే హరలాల్ బీదవాడు, సజ్జనుడు. శిష్యునిమీది మమకారమే అతని నాశనానికి కారణమైనది. గిరీశం శిష్యుని ఇంటిని మోసగించినాడు. హరలాల్ శిష్యునివల్ల మోసపోయినాడు. ఇంటి అయ్యవారు బంధువూ కాడు, సేవకుడూ కాడు. ఆ సందిగ్ధస్థితిని ఇద్దరు రచయితలూ పట్టుకొన్నారు.

గణిత చరిత్రలో ఈ వృత్తికి సంబంధించిన ఒక విచిత్రం ఉన్నది. శ్రీనివాస రామానుజన్ (1887-1920) చేతికి 1903లో కుంభకోణంలో చిక్కిన పుస్తకం జి. ఎస్. కార్ సంకలనం చేసిన సినాప్సిస్. కార్ గొప్ప శాస్త్రజ్ఞుడు కాడు. కేంబ్రిడ్జి ట్రైపాస్ పరీక్షకు విద్యార్థులను సిద్ధంచేసే ప్రైవేటు ట్యూటరు. తన పాఠాలకై చేర్చుకొన్న వేలకొలది ఫలితాలను, ఉపపత్తులు చాలవరకు వదిలి, 1880లలో అచ్చువేసినాడు. పరీక్షకై పుట్టిన ఆ పుస్తకం, ప్రైవేటు పెట్టించుకొనే స్తోమతు లేని ఇంట ఒక బాలునికి గురువైనది. ఆ బాలుడు మాత్రం తక్కిన విషయాలు పట్టించుకొనక ఎఫ్. ఏ. పరీక్ష తప్పినాడు. అటువంటి బుద్ధి కోటికొక్కటి. తక్కిన పిల్లలకు పుస్తకం చాలదు.

స్వాతంత్ర్యానంతరం 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి, వీసం లెక్కలకు బజారులో పని తప్పినది. ఇంటిలో తాతగారు మనుమనికి నేర్పగలిగిన గణితం ఆ విధంగా పాతబడినది. 1964-66 నాటి కొఠారీ సంఘం మొదటి పది సంవత్సరాల చదువులో గణితం అందరికీ తప్పనిసరి కావలెనని సిఫారసు చేసినది. ఉద్దేశం ఉదాత్తమైనది. కాని అందరూ నేర్వవలసిన విద్యను అందరికీ నేర్పగల బడి ఆ వేగంతో ఏర్పడలేదు. ఆ ఎడమును ప్రైవేటు పూరించినది. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 28వ సెక్షను బడి ఉపాధ్యాయులు ప్రైవేటు చెప్పరాదని నిషేధించినది. అయినను 2025 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఇంచుమించు 27 శాతం విద్యార్థులు ఆ సంవత్సరం ట్యూషను చెప్పించుకొన్నారు. 2022 నాటి అసర్ నివేదికలో బీహారు, పశ్చిమ బెంగాలు గ్రామాలలో ఎనిమిదవ తరగతిలోపు పిల్లలలో ఈ సంఖ్య 70 శాతాన్ని మించినది. తెలుగు రాష్ట్రాలలో ట్యూషను చాలచోట్ల ప్రైవేటు పాఠశాలలోనే కలిసిపోయినది. సాయంకాలపు స్టడీ అవరు, ఐ.ఐ.టి. ఫౌండేషన్ తరగతి దాని కొత్త పేర్లు. ఫీజు మాత్రం పాత న్యాయమే.

కావున బిడ్డకు లెక్కల మాస్టారిని పెట్టే తండ్రిని నిందించి ప్రయోజనం లేదు. తెగిన మెట్టు దగ్గర ఒక మనిషి కావలెనని అతడు సరిగానే గ్రహించినాడు. నింద చేరవలసినది, ఆ మనిషిని బడినుండి తొలగించి బజారులో నిలిపిన ఏర్పాటుకు. నిషేధాలు ఆ మనిషిని తిరిగి బడిలోనికి తేలేవు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గి, ఆగినవానికోసం ఆగే తీరిక ఉపాధ్యాయునికి దొరికిననాడే అది సాధ్యం. క్యాంబెల్ నాటి పావు రూపాయికీ అర రూపాయికీ నడుమ ఆగిపోయిన పిల్లల పేర్లు ఏ నివేదికలోను లేవు. వారి వారసులు నేటికీ అదే మెట్టుమీద నిలిచి ఉన్నారు.