ఎద్దుల పోరు వేషంలో విక్టోరిన్

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో అయిదడుగులకు పైగా ఎత్తున్న తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. స్పెయిన్ దేశపు ఎద్దుల పోరు వీరుడి వేషంలో ఒక పడుచు నిలబడి ఉంటుంది. నల్లని పొట్టి కోటు, తలకు కట్టిన గుడ్డపై నల్లటోపీ, ఒక చేత కత్తి, మరొక చేత గులాబీరంగు వస్త్రం. వెనుక బరిలో పోరు సాగుతున్నా ఆమె చూపు మాత్రం మనవైపే. దీనిని 1862లో గీసినవాడు ఫ్రెంచి చిత్రకారుడు ఎడువార్ మానే.

ఆ రోజుల్లో పారిస్‌లో స్పెయిన్ మోజు జాస్తి. మూడవ నెపోలియన్ చక్రవర్తి 1853లో స్పెయిన్ వనితనే వివాహమాడాడు. మానే మాత్రం 1865లోగాని ఆ దేశం వెళ్ళలేదు. చిత్రంలోని ఎద్దుల పోరును స్పెయిన్ చిత్రకారుడు గోయా వేసిన అచ్చుబొమ్మల నుండి తీసుకున్నాడు. దుస్తులు తన స్టూడియోలోనివే. అవే తొడిగి తమ్ముడు గుస్తావ్‌ను కూడా చిత్రించాడు. 1863లో ప్రభుత్వ ప్రదర్శన అయిన సెలాన్ న్యాయనిర్ణేతలు ఈ రెండు చిత్రాలనూ తిరస్కరించారు. చక్రవర్తి అనుమతితో జరిగిన 'తిరస్కృతుల ప్రదర్శన'లో అవి జనం కంటబడ్డాయి.

ఇక ఆ వేషం వేసిన అమ్మాయి సంగతి. పేరు విక్టోరిన్ మెరాన్. 1844లో పారిస్‌లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళ వయసు నుండి పదేళ్ళకు పైగా మానే చిత్రాలకు మోడల్‌గా పనిచేసింది. లోకప్రసిద్ధమైన 'ఒలింపియా'లో ఉన్నదీ ఆమే.

మానే 1883లో మరణించాడు. ఆ ఏడాదే విక్టోరిన్ ఆయన భార్యకు ఒక ఉత్తరం రాసింది. చిత్రాలు అమ్ముడైతే నీకు కొంత ముట్టజెబుతానని ఆయన అన్నారనీ, అప్పుడు తాను వద్దన్నదనీ, మోడల్‌గా నిలబడలేని రోజు వస్తే గుర్తుచేస్తానని చెప్పిందనీ, ఆ రోజు ఇప్పుడు వచ్చిందనీ దాని సారాంశం. మన పరిభాషలో చెప్పాలంటే ఆమె అడిగింది గ్రాట్యుటీ. నోటిమాటే తప్ప కాగితం లేని బాకీ ఎంత బలహీనమో పెన్షన్ ఫైళ్ళ వెంట తిరిగిన మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆమె తాగుడుకు బానిసై చిన్న వయసులోనే పోయిందని చాలాకాలం రాస్తూ వచ్చారు. తరువాతి పరిశోధకులు రికార్డులు తిరగేస్తే అసలు సంగతి వేరుగా తేలింది. విక్టోరిన్ తానే చిత్రకళ నేర్చుకుంది. 1876 సెలాన్‌లో మానే చిత్రాలు రెండూ తిరస్కరింపబడగా, ఆమె స్వీయచిత్రం అంగీకరింపబడింది! 1903లో ఫ్రెంచి కళాకారుల సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. 1927లో, ఎనభై మూడవ ఏట, పారిస్ దాపునున్న కొలోంబ్‌లో కన్నుమూసింది. ఆమె గీసిన స్వీయచిత్రం ఒకటి 2021లో బోస్టన్ లలితకళల మ్యూజియానికి చేరింది.

మానే పెట్టిన పేరులో ఆమె కేవలం 'మదమ్వాజెల్ వి', అంటే 'వి అనే అమ్మాయి'. బోస్టన్‌లో మాత్రం పూర్తి పేరే ఉంది, అదీ చిత్రకారిణిగా.