నిజాం రైల్వే ఆవిరి ఇంజన్లు: పెట్టుబడి, బొగ్గు, గేజి

వ్యాససంగ్రహం:
హైదరాబాద్ సంస్థానంలో నడిచిన నిజాం రైల్వే ఆవిరి ఇంజన్లను కేవలం యంత్రాల జాబితాగా చూడడం పరిపాటి. ఆ ఇంజన్ల బలగం స్వరూపాన్ని లండన్ పెట్టుబడికి ఇచ్చిన వడ్డీ హామీ, సింగరేణి బొగ్గు, రెండు వేర్వేరు గేజిలు నిర్ణయించాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1874 నుంచి 1951 వరకు గల కాలం దీని ప్రధాన పరిధి.

కీలకపదాలు: నిజాం రైల్వే, ఆవిరి ఇంజన్, చాందా రైల్వే ఆందోళన, సింగరేణి, మీటర్ గేజి, లాలాగూడ.

1. ఉపోద్ఘాతం:
ఎర్రగడ్డకు ఉత్తరాన భరత్‌నగర్, ఫతేనగర్, నేచర్ క్యూర్ ఆసుపత్రి స్టేషన్ల మీదుగా నేడు ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు తిరుగుతున్నాయి. వాటిలో ప్రయాణించే ఉద్యోగులకు, విద్యార్థులకు అది నగరరవాణా మార్గం మాత్రమే. అయితే నిజాం రైల్వే తొలి పొగబండి నడిచింది ఈ దారిలోనే. బొంబాయి–రాయచూరు మార్గంలోని వాడి కూడలి నుంచి సికింద్రాబాద్‌కు వేసిన ఈ బ్రాడ్‌గేజి మార్గం 1874 అక్టోబరులో ప్రారంభమైంది. దాని నిర్వహణ తొలుత గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే చేతిలో ఉండేది. అంటే దారి నిజాందైనా, బండి నడిపే అధికారం బయటివారిది. సొత్తు ఒకరిది, అధికారం మరొకరిది అయిన ఈ స్థితి తరువాతి అర్ధశతాబ్దం పాటు వేర్వేరు రూపాల్లో కొనసాగింది.

2. హామీ – ఆందోళన:
1883 ఫిబ్రవరిలో మొదటి సాలార్‌జంగ్ మరణించాడు. అప్పటికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ మైనరు. ఆ సంవత్సరంలోనే లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. మార్గాన్ని తూర్పున బెజవాడకు, ఉత్తరాన చాందాకు పొడిగించాలన్నది పథకం. కంపెనీ పెట్టుబడిపై ఏటా 5 శాతం చొప్పున 20 సంవత్సరాల పాటు వడ్డీకి నిజాం ప్రభుత్వం హామీ పడింది. రైల్వే ఆదాయం చాలకపోతే లోటును ఖజానా పూడ్చాలి. ఇంజన్ నడిచినా, షెడ్డులో నిలిచిపోయినా లండన్ వాటాదారునికి నష్టం లేదు. ఆ భారం అంతిమంగా శిస్తు కట్టే రైతుపైనే పడింది.

ఈ ఒప్పందం వివరాలను ప్రజలకు వెల్లడించాలని అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు కోరారు. ఫలితంగా 1883 మేలో అఘోరనాథ్‌ను సంస్థానం నుంచి బహిష్కరించారు. హైదరాబాద్‌లో ఆధునిక రాజకీయ చైతన్యానికి తొలి సంకేతంగా చరిత్రకారులు పేర్కొనే చాందా రైల్వే ఆందోళన ఇదే. ఇందులో గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఏ చాందా పేరుతో వివాదం రగిలిందో, ఆ దిక్కుకు రైలు దారి అప్పట్లో పడనేలేదు. కాజీపేట నుంచి బల్లార్షాకు మార్గం పూర్తయ్యేసరికి 1920ల చివరికాలం వచ్చింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచిన దారి అదే. హామీ తక్షణమే అమలైంది. దారికి మాత్రం నాలుగు దశాబ్దాలకు పైగా పట్టింది.

3. బొగ్గు – ఇంజన్:
తూర్పు మార్గం మాత్రం వేగంగా సాగింది. 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. ఈ తొందరకు ఒక కారణం భూగర్భంలో ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1870ల ఆరంభంలో ఇల్లందు ప్రాంతంలో బొగ్గు నిల్వలను గుర్తించాడు. డోర్నకల్ నుంచి ఇల్లందుకు శాఖామార్గం పడిన తరువాత రైల్వేకు, గనికి పరస్పరాశ్రయం ఏర్పడింది. బొగ్గును మోసేది ఇంజన్. ఇంజన్‌ను నడిపేది బొగ్గు. దక్షిణాదిలోని ఇతర రైల్వేలు కూడా సింగరేణి బొగ్గుకు కొనుగోలుదారులయ్యాయి.

ఈ బొగ్గు స్వభావం ఇంజన్ నిర్మాణంతో ముడిపడిన అంశం. వేల్స్ బొగ్గుతో పోలిస్తే దీనిలో బూడిదపాలు ఎక్కువ. పాత ఇంజన్లలో పొయ్యి చక్రాల చట్రం మధ్య ఇరుకుగా ఉండేది. నాసిరకం బొగ్గు చాలినంత వేడినివ్వాలంటే పొయ్యి అడుగుభాగం విశాలంగా ఉండాలి. ఈ అవసరాన్ని గుర్తించి 1920లలో భారతీయ రైల్వేల కోసం రూపొందించిన ఎక్స్.ఎ., ఎక్స్.బి., ఎక్స్.సి. తరగతుల ఇంజన్లకు వెడల్పాటి పొయ్యిలు అమర్చారు. బ్రిటన్ యంత్రశాస్త్రం ఈ దేశపు బొగ్గుకు తలవంచిన సందర్భమిది. పొయ్యిలో పార వేసే ఫైర్‌మన్‌కు మాత్రం బూడిద ఎక్కువైతే చాకిరీ కూడా ఎక్కువే.

4. రెండు గేజిలు – లాలాగూడ కార్ఖానా:
సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్‌ల మీదుగా మన్మాడ్‌కు దాదాపు 390 మైళ్ళ హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే 1901 నాటికి పూర్తయింది. ఇది మీటర్ గేజి. పట్టాల మధ్య దూరం బ్రాడ్‌గేజిలో 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజిలో 1000 మిల్లీమీటర్లు. వ్యయం తగ్గించిన ఈ నిర్ణయం ఇంజన్ల బలగాన్ని రెండుగా చీల్చింది. ఒకవైపు ఇంజన్ ఖాళీగా ఉన్నా రెండోవైపు అక్కరకు రాదు. మరాఠ్వాడా పత్తిని మన్మాడ్‌లో ఒక బండి నుంచి దించి మరో బండికి ఎక్కించాలి. కాగితంపై మిగిలిన వ్యయాన్ని హమాలీ వీపు మోసింది.

1893లో లాలాగూడలో నెలకొన్న రైల్వే కార్ఖానా ఈ చరిత్రకు మరో ముఖ్యకేంద్రం. విదేశంలో తయారైన ఇంజన్‌ను స్థానిక కార్మికులు విప్పి, మరమ్మతు చేసి, మళ్ళీ పట్టాలెక్కించారు. కంపెనీ చరిత్రలో డైరెక్టర్ల పేర్లున్నాయి. ఇంజన్ ఆయుష్షు పెంచిన చేతులకు అక్కడ చోటు లేదు.

5. ముగింపు:
1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను స్వాధీనం చేసుకుంది. 1932లో అదే రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ఆరంభించింది. 1951 నవంబరు 5న రైల్వే మధ్య రైల్వేలో విలీనమైంది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడింది. స్వాతంత్ర్యానంతరం దేశమంతటా డబ్ల్యు.పి., డబ్ల్యు.జి., వై.పి., వై.జి. వంటి ప్రామాణిక ఇంజన్లు రావడంతో సంస్థాన రైల్వేల ప్రత్యేకత క్రమంగా చెరిగిపోయింది.

పై పరిశీలన వల్ల తేలే అంశాలు మూడు. ఇంజన్‌ను ఎవరు కొన్నారన్న ప్రశ్నతోపాటు, నష్టాన్ని ఎవరు భరించారన్న ప్రశ్న కూడా రైల్వే చరిత్రకు అవసరం. యంత్రం నమూనా దిగుమతి అయినా, దాని మనుగడను స్థానిక బొగ్గు, స్థానిక శ్రమ నిర్ణయించాయి. గేజి ఎంపిక సాంకేతికమే కాదు, ఆర్థిక రాజకీయ నిర్ణయం కూడా. తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారపు ఉర్దూ, ఆంగ్ల పత్రాలతోపాటు లాలాగూడ, కాజీపేట, డోర్నకల్ రైల్వే కుటుంబాల మౌఖిక కథనాలనూ సేకరించడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం. పత్రాలు భద్రంగా ఉంటాయి. ఆవిరి ఇంజన్ పొయ్యి ముందు నిలిచిన చివరితరం ఎల్లకాలం ఉండదు.