ఆపాలి, పారేయకూడదు

అడగని ప్రకటనలతో మెయిల్ నింపడం, అంటే స్పామ్, 1978 మే 3న మొదలైందంటారు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్, ఇంటర్నెట్‌కు ముందుతరం నెట్‌వర్క్ అయిన అర్పానెట్‌లో దాదాపు 400 మందికి తమ కొత్త కంప్యూటర్ల ప్రకటన ఒకేసారి పంపాడు. చీవాట్లు తిన్నాడు, కానీ దారి తెరుచుకుంది. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డ్ లాటరీ ప్రకటనతో యూజ్‌నెట్ చర్చా వేదికలను ముంచెత్తారు.

మొదట్లో పంపేవాణ్ని చూసి ఆపేవారు. 1997లో పాల్ విక్సీ బ్లాక్‌లిస్టు అలాంటిదే. మోసగాడు చిరునామా మార్చేవాడు. అదే సర్వర్ వాడే మంచివాళ్ల ఉత్తరాలు మాత్రం ఆగిపోయేవి.

1998లో మెహ్రాన్ సహామీ, సూసన్ డ్యుమే, డేవిడ్ హెకర్‌మన్, ఎరిక్ హోర్విట్జ్ అనే పరిశోధకులు ఉత్తరంలోని మాటలను లెక్కగట్టారు. ఏ మాట చెత్తలో ఎంత తరచుగా వస్తుందో, మంచి ఉత్తరాల్లో ఎంత వస్తుందో చూసి, బేయెస్ సూత్రంతో సంభావ్యత తేల్చారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్లు పెట్టుకున్న హద్దు. 99.9 శాతం నమ్మకం కుదిరితేనే చెత్త అనాలి. పది చెత్త ఉత్తరాలు లోపలికొచ్చినా ఫరవాలేదు, ఒక్క మంచిది పోకూడదని దాని అర్థం.

2002 ఆగస్టులో ప్రోగ్రామర్ పాల్ గ్రాహమ్ ఇదే దారిని జనంలోకి తెచ్చాడు. మంచి ఉత్తరాల్లో కనబడిన మాటకు రెట్టింపు విలువ ఇచ్చాడు. బూతుమాటలంత గట్టిగా చెత్తను పట్టిచ్చిన గుర్తుల్లో ఒకటి, వెబ్ భాషలో ప్రకాశవంతమైన ఎరుపు రంగు కోడ్. ఏ మనిషీ కూర్చుని ఊహించే నియమం కాదది.

ఇంత జాగ్రత్త పడినా పొరపాటు తప్పదు. అందుకే క్వారంటైన్, అంటే అనుమానం వచ్చిన ఉత్తరాన్ని విడిగా ఉంచడం. 2001లో జస్టిన్ మేసన్ విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ ప్రతి ఉత్తరానికీ మార్కులేస్తుంది. మామూలుగా 5 లేదా అంతకు మించితే స్పామ్. ఆమవిస్ లాంటి సాఫ్ట్‌వేర్ దాన్ని చెరిపేయకుండా పక్కన దాచగలదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్ల నుంచి గల్ఫ్ పోయేవాళ్లను తలచుకుంటే దీని విలువ తెలుస్తుంది. దొంగ ఏజెంటు మెయిల్లోనూ, నిజమైన కంపెనీ మెయిల్లోనూ ఉండేవి అవే మాటలు: వీసా, జీతం, టికెట్, పాస్‌పోర్ట్. మాటల లెక్క తడబడేది అక్కడే. అసలైన ఆఫర్ లెటర్ చెరిగిపోతే పోయేది ఒక కుటుంబం ఆశ. అందుకే సర్వర్ పెట్టేవాళ్లు పట్టుబడ్డ ఉత్తరాల జాబితా రోజూ వినియోగదారుకు అందేలా చూడాలి. విడిపించిన ప్రతి ఉత్తరాన్నీ ఇది మంచిదని ఫిల్టర్‌కు నేర్పాలి.